రాంజీ రొయ్యలు వండిన రోజు

డోర్నకల్ రైల్వే లైన్ల వెనక బజారులో రాంజీని ఎరగని వాళ్లు లేరు. ముప్పై ఏళ్లు కీమ్యాన్‌గా పట్టాల కీలు బిగిస్తూ వాటి పొంట నడిచి రిటైరైన మనిషి. పట్టాలు ఎంత దూరం పోతాయో ఆయన మాటలు దానికన్నా నాలుగు స్టేషన్లు ఎక్కువే పోతాయని పేరు. ఆ మాటలకు ఎర్రజెండా చూపించే మనిషి మాత్రం ఒక్కతే, ఆయన భార్య సీతాబాయి. అరుగు మీద ఆయన "పాము ఏడు గజాలున్నది" అంటే వంటింట్లోంచి ఆమె "మూరెడు, అది గూడ సచ్చింది" అనేది. ముప్పై రెండేళ్లుగా ఆ సంసారం అట్లాగే నడిచింది.

ఆమె అట్లా అని ఇరవై రోజులైంది. టైఫాయిడ్ వచ్చి మానుకోట దవాఖానలో తొమ్మిది రోజులు పడుకుంది. జ్వరం తగ్గింది. "ఇక మందులు కాదు, తిండి పెట్టండి" అని డాక్టరమ్మ ఇంటికి పంపింది. ఇంటికొచ్చినా సీతాబాయి కిటికీ పక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉంటోంది. రెండు చెంచాల జావ తాగి గిన్నె జరిపేస్తోంది. మొన్న రాంజీ కావాలనే, రైలింజన్ను ఒంటిచేత్తో షెడ్డులోకి తోసిన కథ చెప్పాడు. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ రోజు ఆయనకు నిజంగా భయమేసింది.

రొయ్యలంటే ఆమెకు ప్రాణం. అందుకే ఈ పొద్దున మార్కెట్లో చేపలమ్మే జమున దగ్గర అర్ధకిలో తెచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డాడు. సగం వండాడు. మిగతా సగానికి ధైర్యం చాలక ఫ్రిజ్‌లో పెట్టాడు. పళ్లెం తీసుకెళ్లి ఇస్తే ఆమె ఒక్కటి నోట్లో వేసుకుని, నమిలి నమిలి, "నోరు సప్పగున్నది" అని పక్కన పెట్టింది. బాగలేదని కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది రాంజీకి.

ఎండ దిగాక ఆమెను చూసిపోదామని ఎదురింటి ఎల్లక్క వచ్చింది. కిరాణం జగదీష్, ఆటో నడిపే భద్రు కూడా వచ్చారు. మంచం దగ్గర కాసేపు నిలబడి, బయట అరుగు మీద కూర్చున్నారు. కిటికీ రెక్క సగమే తెరిచి ఉంది. రాంజీ దాన్ని బార్లా తెరిచి, చువ్వలకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఇయ్యాల నేను రొయ్యలు వండిన," అన్నాడు, లోపలికి వినబడేటట్టు.

ఎల్లక్క బుగ్గన వేలు పెట్టుకుంది. "నువ్వా?"

"నేనే. అర్ధకిలో తెచ్చి సగం వండిన. మామూలు వేపుడే." అందులో అబద్ధం లేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. లోపల మంచం కూడా కదలలేదు. రాంజీ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఒకటి. తెచ్చింది ఒక్కటే రొయ్య."

"ఒక్కటేనా?"

"మరి? జమున బుట్టల అడుగున పండుకున్నది. తక్కెడ మీద పెడితే అర్ధకిలో రాయి లేసిపాయె, కిలో రాయి లేసిపాయె, ఆఖరికి జమున తక్కెడ పక్కకు పెట్టి, 'అన్నా, నీకు దండం, జర దీన్ని తీస్కపో, రాత్రి నా ఇంట్ల ఉంచుకోవాలంటే భయమైతున్నది' అన్నది. సంచిల పడుతదా? పడలే. బకెట్ల పడుతదా? పడలే. గప్పుడు మన భద్రు ఆటోల ఎనక సీటు మీద కూసోబెట్టి తెచ్చినం. ఏం భద్రూ?"

భద్రు ఒక్క క్షణం తెల్లముఖం వేశాడు. కిటికీ వైపు చూశాడు. సంగతి అర్థమైంది. "అవునక్కా, మీసాలు బయటికి ఏలాడుతుంటే ఎనకొచ్చే బస్సాయన హారన్ మీద హారన్ కొట్టిండు."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొట్టు తియ్యాలె గదా. కత్తి పెడితే కత్తి వంగింది. గొడ్డలి పెడితే గొడ్డలి జారింది. గిట్ల కాదని అటక మీదికెళ్లి నా కీమ్యాన్ సుత్తె దించిన. ఠంగ్, ఠంగ్, నాలుగు దెబ్బలు! పొట్టు ఊడి వాకిట్ల పడ్డది. ఎల్లక్కా, మీ బర్రెల కొట్టం రేకు గాలికి లేసిపోయిందంటివి, రేపొచ్చి తీస్కపో. మీసాలు మాత్రం ఇయ్య, దండెం కట్టుకున్న."

"కొట్టానికి సరిపోతదా?" అంది ఎల్లక్క గంభీరంగా.

"సగమే పరుస్తవ్. మిగిలింది గొర్లకు."

భద్రు నవ్వాడు. రాంజీ నవ్వలేదు. ఆయన చెవులు వెనక్కే ఉన్నాయి. కిటికీలోంచి ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ రావడం లేదు.

"సరే, గంత రొయ్యను ఒక్క తీరుగ వండుతమా? తోకంతా వేపుడు, నడుమంతా పుంటికూర పులుసు, తలకాయంతా బగారన్నం. మసాల ఏసిన్నో లేదో, వాసన లేసింది. లేసి ఊరు దాటింది. విజయవాడ దిక్కు నుంచి వస్తున్న గూడ్సు బండి ఔటర్ల ఆగింది. సిగ్నల్ పచ్చగనే ఉన్నది, బండి మాత్రం కదలదు. డ్రైవరు దిగిండు, గార్డు దిగిండు, ఇద్దరు టిఫిన్ డబ్బలు పట్టుకుని మన బజారుకు ఉరుకుతున్నరు. దాని ఎనక ప్యాసింజరు ఆగె, దాని ఎనక ఎక్స్‌ప్రెస్ ఆగె. రైలు పెట్టెకు పెట్టె ఖాళీ! తొమ్మిది వందల మంది గీ వాకిట్ల నుంచి ప్లాట్‌ఫారం దాక బంతులు కూసున్నరు. తిన్నోళ్లు తిన్నట్టే ఉన్నరు, గిన్నెల ముక్క తగ్గితే ఒట్టు."

"కాకా," అన్నాడు జగదీష్, "తొమ్మిది వందల మందికి బగారన్నమంటే బియ్యం ఏడియి? నా కొట్టుకైతే రాలే నువ్వు."

"ఆగిన గూడ్సుల ఉన్నయే బియ్యం!"

ముగ్గురూ పగలబడ్డారు. ఎల్లక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. రాంజీ మాత్రం లోలోపల లెక్క వేసుకుంటున్నాడు. తొమ్మిది వందల మందికి పెట్టాక ఇంక ఎవరికి పెట్టాలి? రైళ్లను ఆపాక ఇంక దేన్ని ఆపాలి? ఎంత పెద్ద కోత కోసినా ఆ మంచం కిర్రుమనడం లేదు.

అప్పుడు ఆయనకు తట్టింది. సీతాబాయి పాములనూ ఇంజన్లనూ ఎన్నడూ లెక్కచేసిన మనిషి కాదు. వంటలో తప్పు మాత్రం ఓర్చుకోలేదు. ఒకసారి చుట్టాల పెళ్లిలో పప్పు మాడితే, బంతిలోంచి లేచి పోయి వంటవాడి చేతిలోంచి గరిటె గుంజుకుంది.

రాంజీ గొంతు తగ్గించాడు. "అసలు కిటుకు చెప్తున్న, ఎవ్వరికి చెప్పకుండ్రి. రొయ్యకు నల్లనరం తీస్తరు సూడు, అది తియ్యొద్దు. బలమంతా దాంట్లనే ఉంటది."

లోపల మంచం కిర్రుమంది.

"పసుపు, ఉప్పు ఏసి కడుగుడు గూడ దండగ. రుచి కొట్టుకపోతది."

లోపల దగ్గు వినబడింది.

"చింతచిగురు ఏస్తే నలపొద్దు. పుల్లలతోని అట్లనే ఎయ్యాలె." రాంజీ చువ్వలకు ఇంకా ఆనుకున్నాడు. "ఇంగ ఉడుకు. నీళ్లు పోసుకుంట, పోసుకుంట, మెల్లగ... మూడు గంటలు."

"మూడు గంటలా!"

నలుగురూ తిరిగి చూశారు. సీతాబాయి గడప దగ్గర తలుపు పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు చెదిరి, చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. కళ్లు మాత్రం నిప్పులు.

"రొయ్యను మూడు గంటలు ఉడకబెడితే సెప్పుల తోలైతది! దాని నీళ్లు అది ఇడిసి, ఇంకి, మెలి తిరిగిందంటే అయిపోయినట్టే. నరం తియ్యకుంటే ఇసుక నమిలినట్టుంటది. వినకుండ్రి ఈ మనిషి మాటలు! రైలు లేదు, డ్రైవరు లేడు. తెచ్చింది అర్ధకిలో. ఒక్కొక్కటి నా సిటికెన ఏలంత. ఉప్పు రెండుమాట్ల ఏసిండు, కారం మరిసిండు. ఆ వాసనకు గూడ్సు బండి కాదు, పిల్లి సుత రాలే!"

ఊపిరి అందక ఆగింది. భద్రు గబుక్కున లేచి కుర్చీ జరిపాడు. ఆమె కూర్చుంది.

"ఓడిపోయినవ్ రాంజన్నా," అంది ఎల్లక్క.

రాంజీ తల వంచుకున్నాడు. ఓడినవాడి ముఖం పెట్టడం ఆయనకు ఇంత కష్టం ఎన్నడూ కాలేదు.

"మిగిలిన సగం ఏడున్నయి?" సీతాబాయి అడిగింది.

"ఫ్రిజ్‌ల."

"తీసి బయట పెట్టు. ఎల్లక్కా, మీ పెరట్ల చింతచిగురు ఉన్నదా? పిడికెడు తే. నేను చెప్తుంట, ఈన చేస్తడు."

ఆమె వంటింటి గోడకు ఆనుకుని పీట మీద కూర్చుంది. రాంజీ ఒక్కొక్క రొయ్య వీపు చీరి నల్లనరం లాగాడు. ఉప్పు, పసుపుతో రెండుసార్లు కడిగాడు. ఉత్త కడాయిలో నీళ్లు ఇంకాక నూనె పోశాడు. ఉల్లిగడ్డ ఎర్రబడేదాకా ఆమె అల్లం వెయ్యనివ్వలేదు. చిగురును తనే ఒడిలో పెట్టుకుని, పుల్లలు ఏరి, రెండు చేతులతో మెత్తగా నలిపి ఇచ్చింది. "కారం సగమే ఎయ్యి. ఆ, దించు. దించుమంటుంటే!"

పళ్లెంలో వేడన్నం పెట్టి కూర వేశాడు. ఆమె కలిపి ఒక ముద్ద తిన్నది. ఆయన గరిటె చేతిలోనే పట్టుకుని చూశాడు. రెండో ముద్ద తిన్నది. మూడో ముద్దకు కూర చాల్లేదని పళ్లెం ముందుకు జరిపింది. రాంజీ గిన్నెలోంచి ఇంకో గరిటె వేశాడు. వేస్తూ ఆగలేకపోయాడు.

"సీతా, ఇందాక నరాలు తీస్తుంటే ఏమైందో తెలుసా?"

"ఏం గాలే," అంది సీతాబాయి, నాలుగో ముద్ద కలుపుకుంటూ.