పై చెక్కలో సగం

గిటార్లు చేసే మేస్త్రీ పనిగది. ఆర్డరు ఇస్తానని వచ్చినావిడ ఇంకా కూర్చోలేదు.

“ముట్టుకోవచ్చా?”

“ముట్టుకోండమ్మా. ఆ చివరిది మాత్రం వద్దు, వార్నిష్ ఇంకా ఆరలేదు.”

“ఎంత బాగుందో! పొట్ట ఇలా ఉబ్బెత్తుగా... చెక్కని వంచుతారా?”

“వంచితే అది నా పని కాదు, ఫ్యాక్టరీ పని. మందపాటి చెక్క తీసుకుని, ఉలితో తొలుచుకుంటూ పోవడమే. అందుకే దీన్ని ఆర్చ్‌టాప్ అంటారు. మామూలు గిటారుకి మధ్యలో గుండ్రటి చిల్లు ఉంటుంది. దీనికి వయొలిన్‌కి ఉన్నట్టు రెండు పక్కలా రెండు వంకర చిల్లులు.”

“తెలుసు.”

“తెలుసా? మరి వంచుతారా అని అడిగారు?”

“ఊరికే అడిగాను.”

“ఊరికే. సరే. ఇంతకీ గిటారు ఎవరికి?”

“నాకే.”

“ఎడమ చెయ్యి ఇలా చూపించండి.”

“ఎందుకు?”

“గిటారు మెడ లావెంతో తేల్చుకోవాలిగా. అబ్బో, వేళ్ళు దూదిలా ఉన్నాయే! తీగ నొక్కిన చెయ్యి కాదిది.”

“నేర్చుకుందామని.”

“నేర్చుకునేవాళ్ళు నా దగ్గరికి రారమ్మా. ఏడాది ఆగాలంటే ఫోన్లోనే పారిపోతారు. మీరు పారిపోలేదు.”

“వచ్చినవాళ్ళందర్నీ ఇలాగే నిలదీస్తారా?”

“అందర్నీ కాదు. ఫోన్లో మీరన్న మాట ఇంకోసారి అనండి.”

“ఏ మాట?”

“అదే, పై చెక్క గురించి.”

“ఓ, అదా. పై చెక్కలో సగం పాతది, సగం కొత్తది వేసి చెయ్యగలరా అన్నాను.”

“అలాంటి పని నేను చెయ్యను.”

“చెయ్యలేరా, చెయ్యరా?”

“చెయ్యను.”

“ఎప్పుడూ చెయ్యలేదా?”

“కూర్చోండి. టీ తాగుతారా?”

“ఎప్పుడూ చెయ్యలేదా అంటున్నాను.”

“అసలు పై చెక్క ఎలా తయారవుతుందో తెలుసా మీకు? ఒకే దిమ్మని నిలువునా చీలుస్తాం. ఆ రెండు ముక్కల్నీ పుస్తకం తెరిచినట్టు తెరిచి, పక్కపక్కన పెట్టి అతికిస్తాం. కుడివైపు చార ఎలా పోతే ఎడమవైపూ అలాగే పోతుంది. కవల పిల్లలన్నమాట. అలాంటి జంటని విడదీసి ఒకదాన్ని ఎవరితోనో ముడిపెట్టమంటే ఎవరొప్పుకుంటారు?”

“మీరు నీళ్ళు నములుతున్నారు.”

“మీరు కూపీ లాగుతున్నారు.”

“ఏంటా చప్పుడు?”

“ఎక్కడ?”

“ఆ తెర వెనక. ఎవరో ఉన్నారు.”

“పిల్లి. చిత్రిక పొట్టులో పడుకుంటుంది.”

“పిల్లి దగ్గుతుందా?”

“దానికి దుమ్ము పడదు లెండి.”

“మేస్త్రీగారూ, ఇక డొంకతిరుగుడు చాలు. నేను తెచ్చిన ఈ గిటారు పెట్టె తెరవండి.”

“కొలత కోసం తెచ్చిన ఖాళీ పెట్టె అన్నారుగా?”

“అబద్ధం చెప్పాను. తెరవండి. ఇది మా నాన్న గిటారు. పోయేముందు నాకిచ్చాడు. ఎప్పుడైనా చూశారా దీన్ని?”

“ఇలాంటివి చాలా చూస్తుంటాను.”

“అలాగా? అయితే ఈ అద్దం చిల్లులోంచి లోపలికి పెట్టి చూడండి. టార్చి నేను కొడతాను.”

“ఇదేం అద్దం? పుల్ల చివర రూపాయి బిళ్ళంత...”

“నోట్లో పళ్ళు చూసే అద్దం. నేను పళ్ళ డాక్టర్ని.”

“అదా సంగతి! ఇన్నేళ్ళలో గిటారుకి దవడ పరీక్ష చేసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.”

“జోకులు తర్వాత. ఏం కనిపిస్తోంది?”

“చెక్క.”

“ఏ రంగు?”

“ఎడమవైపు... డికాషన్ రంగు.”

“కుడివైపు?”

“తెల్లగా ఉంది.”

“కవల పిల్లలన్నారే?”

“అద్దం తీసేయండమ్మా. చిల్లు అంచు గీరుకుంటుంది.”

“పైన రంగేసి కప్పేశారు. లోపల వెయ్యడం మర్చిపోయారు, దొరికిపోయారు.”

“మర్చిపోవడమేంటి? లోపల రంగేస్తే మోత చచ్చిపోదూ?”

“అంటే మీరే చేశారు!”

“నేనలా అనలేదు.”

“అన్నారు. ఇప్పుడే అన్నారు! మిగతాది నేను చెప్తాను వినండి. మా చెల్లెలు నెల్లాళ్ళు వాయించుకుని ఇస్తానని దీన్ని తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక మోత మారిపోయింది.”

“వాయించడం రాదన్నారు?”

“రాదు. దుమ్ము తుడిచేటప్పుడు ఒకసారి మోగిస్తాను. నాన్న ఇంట్లో ఉన్నట్టుంటుంది.”

“ఆ అమ్మాయి కొత్త తీగలు వేసిచ్చిందేమో?”

“వేసింది. అయితే?”

“కొత్త తీగలు వేస్తే మోత మారుతుందమ్మా.”

“చెక్క రంగు కూడా మారుతుందా? దానింట్లో ఇంకో గిటారుంది, నాన్న కొనిచ్చాడంటుంది. మొన్న చెల్లెలు వంటింట్లో ఉన్నప్పుడు ఆ గిటారు పొట్టలోనూ అద్దం పెట్టాను.”

“చెల్లెలింట్లో దొంగచాటుగా?”

“అక్కడ కుడివైపు డికాషన్, ఎడమవైపు తెలుపు. నా దాంట్లో లేని సగం అక్కడుంది! ఆ పెట్టె అడుగున మీ కార్డు కూడా ఉంది. నా గిటారు కోయించి సగం కాజేసింది, మీ చేత.”

“తీసుకెళ్ళకముందు దీని లోపల ఎలా ఉందో చూశారా?”

“చూళ్ళేదు. చూడాల్సిన అవసరమేముంది? అనుమానమే లేదప్పుడు.”

“ఆమెని అడిగారా?”

“ఏమని అడగను? నాన్న పోయి ఏడాదైంది, ఆ ఏడాదిగా అది నా మొహంలోకి సూటిగా చూడదు. కాఫీ ఇస్తూ కూడా కప్పునే చూస్తుంది. తప్పు చెయ్యకపోతే ఎందుకు చూడదు? రేపు పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను. మీ పేరు కూడా రాయిస్తాను.”

“రాయించండి. కానీ చెల్లెలి పేరు రాయిస్తే ఇక ఈ జన్మకి మాటలుండవు.”

“తెలుసు. నాకింక మిగిలింది అదొక్కతే. అదే ఇలా చేస్తే నేనెవరితో చెప్పుకోవాలి?”

“ఏడవకండమ్మా.”

“ఏడవట్లేదు. దుమ్ము. మీ పిల్లికి పడనట్టే.”

“ఈ గిటారు చూసేదాకా మీరు ఆయన కూతురో, నకిలీలు చేయించే వ్యాపారస్తురాలో నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. చెప్తాను. కోయించింది మీ చెల్లెలు కాదు. మీ నాన్నగారు.”

“నాన్నా? ఇక్కడికొచ్చాడా?”

“మీ పక్కనున్న స్టూలు మీదే కూర్చున్నారు. జిగురు మెత్తబడేదాకా ఆవిరి పట్టి, అతుకు వెంబడి కత్తి దించాలి. కత్తి నేను దించుతుంటే, గిటారు కదలకుండా ఆయనే ఒళ్ళో పట్టుకున్నారు. ఒక సగం మీ దాంట్లో వేశాను, ఒక సగం ఆమె దాంట్లో. మిగతా చెక్కలూ చెరికొన్ని. మీ చెల్లెలు తీసుకెళ్ళేనాటికే అది సగం గిటారమ్మా.”

“ఎందుకు? పగిలిందా?”

“లేదు.”

“పురుగు పట్టిందా?”

“ఒక్క గీత లేదు దానిమీద. అలాంటిది మళ్ళీ నా చేతిలోకి రాదు. ఎవరో ఒకరికి ఇచ్చెయ్యండి, కొయ్యొద్దండీ అని బతిమాలాను.”

“మరి?”

“వద్దులెండి.”

“చెప్పండి మేస్త్రీగారూ. ఇంతదాకా వచ్చి ఆపకండి.”

“‘ఇద్దరూ విడివిడిగా వచ్చి అడిగారు మేస్త్రీ’ అన్నారు. ‘నాకివ్వు నాన్నా అని ఊరుకుంటే బాగానే ఉండేది. నాకివ్వకపోయినా సరే, దానికి మాత్రం ఇవ్వకు నాన్నా అన్న మాట కూడా విన్నాను’ అని.”

“ఆ మాట ఎవరన్నారో... చెప్పాడా?”

“నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ‘కత్తి దించు మేస్త్రీ’ అన్నారంతే.”

“మేస్త్రీగారూ, మీకు దణ్ణం పెడతాను. మా చెల్లెలికి అన్నీ చెప్పండి, ఆ ఒక్క మాట చెప్పకండి.”

“ఏ మాట?”

“దానికివ్వకు అన్న మాట. అన్నది నేను. నాన్న మందులేసుకుంటుంటే వెళ్ళి మరీ అన్నాను. అది వాయిస్తే అందరూ దాన్నే చూస్తారని కుళ్ళు. అందుకే... అందుకే ఆయన తన గిటారుని తనే...”

“నేను చెప్పకుండా ఉండలేనమ్మా.”

“ఎందుకుండలేరు?”

“ఇద్దరూ ఒకచోట ఉన్నప్పుడే నోరు విప్పమని ఆయన నా చేత ఒట్టేయించుకున్నారు. ఫోన్లో మీరు ఆ సగం మాట అనగానే, మీరే అయ్యుండొచ్చని, తీగలకి నా దగ్గరికొచ్చే ఆ అమ్మాయినీ రమ్మన్నాను. మీకు ఎదురుపడే ధైర్యం లేదని తెర వెనకే కూర్చుంది. ఇందాకట్నుంచీ దగ్గుతున్నది పిల్లి కాదు.”

“ఒసే... విన్నావా అంతా?”

“నువ్వు కూడా అన్నావా అక్కా? నీకివ్వొద్దని నాన్నతో చెప్పింది నేనొక్కదాన్నే అనుకుని, ఏడాదిగా నీ మొహం చూడలేక చస్తున్నాను!”