ఏడుసార్లు నొక్కిన పెచ్చు

కాదు, నువ్వే చెప్పు ఫిర్మాన్, సకల పునీతుల పండుగ పూట, ఊరు ఊరంతా చామంతి కుండీలు పట్టుకుని సమాధుల తోటకి వచ్చిన రోజున, నాకీ మాట వినాల్సిన ఖర్మేమిటి? అదీ నీ పేకాట జతగాడు మార్సియల్ నోటి నుంచి. నువ్వు పోయిన ఏడాదికి.

ఉండు, ఈ పాడు గాలికి కుండీ నిలవడం లేదు. నీ సమాధి రాతికి ఆనించి పెడతాను.

మొదటి నుంచి చెబుతాను. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, మధ్యలోంచి మొదలుపెడితే నాకే తోచదు.

ఆదివారం కాసులె వండడమంటే ఆదివారం ఒక్కరోజు పని కాదు. నీకా సంగతి ఎప్పుడూ పట్టలేదు. శుక్రవారం సాయంత్రం తెల్ల చిక్కుడు గింజలు నానబోస్తాం. శనివారం ఆ నీళ్లు పారబోసి, పందితోలు ముక్కలేసి ఉడికిస్తాం. మెత్తబడాలి గాని చిట్లకూడదు. తర్వాత, సొంత కొవ్వులోనే నిలవ ఉంచిన బాతు తొడలు తీసి, దోరగా వేయించి, సాసేజీతో పాటు మట్టి దాకలో గింజల మధ్య పేర్చాలి. ఇక ఆదివారం పొద్దున పొయ్యిలో సన్నని సెగ మీద పెడితే పైన గోధుమరంగు పెచ్చు కడుతుంది. గరిటె వెనకతో దాన్ని లోపలికి నొక్కాలి. మళ్లీ కడుతుంది, మళ్లీ నొక్కాలి. అలా ఏడుసార్లు.

ఏడే ఎందుకని పెళ్లైన కొత్తలో మీ అమ్మనడిగాను. "ఆరుకి ఆపితే, ఆపావని తెలిసిపోతుంది" అంది. ఆవిడ వివరణలు అలాగే ఉండేవి. పిల్లలకి నేనలా చెప్పి ఉంటే ఉద్యోగం ఊడేది.

సరే, నేర్చుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు వండాను. ప్రతి ఆదివారం వద్దులే, నెలకొకటి వేసుకో. నువ్వేం చేసేవాడివి? ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కిటికీ వైపు చూసి, "బాగుంది. అమ్మది కాదనుకో" అనేవాడివి. కోపంగానూ కాదు, వాన వచ్చేలా ఉంది అన్నట్టు. ఒకసారి నా తోటి పంతులమ్మలు నలుగురి ముందు కూడా. ఏం తక్కువైందయ్యా అంటే, "తక్కువేం లేదు ఒదెత్, ఏదో..." అని చెయ్యి గాల్లో తిప్పేవాడివి. నా రెండు రోజుల చాకిరీ ఆ చేతి విసురుకి కొట్టుకుపోయేది.

ఉప్పు మార్చాను. గింజలు కొనే రైతుని మార్చాను. మీ అమ్మ పోయాక ఆవిడ దాకే తెచ్చుకుని అందులో వండాను. "దగ్గరికొచ్చింది" అన్నావు. మహానుభావా, నాకు కావలసింది మీ అమ్మకి దగ్గరికి రావడం కాదు. ఒక్క ఆదివారం, ఇది నీ వంట, నాకు నచ్చింది అంటావని చూశాను.

చివరికి ఒకనాడు ఒళ్లు మండి బజారు డబ్బా తెచ్చాను. కాసులెకి పుట్టిల్లని పేరుపడ్డ కాస్తెల్నొదారిలో పుట్టి పెరిగినదాన్ని, డబ్బా కాసులె తెచ్చాను. దాకలో బోర్లించి, పైన పెచ్చు కట్టిందాకా పొయ్యిలో ఉంచి, నీ ముందు పెట్టాను. ఇదేం వంట అంటావు, అప్పుడా ఖాళీ డబ్బా తెచ్చి నీ కంచం పక్కన పెడదామని. తనిఖీ అధికారి వచ్చే రోజు పాఠంలా మాటలన్నీ వరసగా సిద్ధం చేసుకున్నాను.

నువ్వేమన్నావు? కిటికీ వైపు చూడలేదు. నా వైపు చూసి, "ఇవాళ అచ్చం అమ్మ చేతి వంటే ఒదెత్. ఇంకాస్త పెట్టు" అన్నావు.

పెట్టాను. ఆ రోజు మొదలు నువ్వు పోయేదాకా మూడేళ్లు డబ్బాలే తెరిచాను. నువ్వు మెచ్చుకున్న కొద్దీ నా కడుపు రగిలేది. నాలుక లేని మనిషికా నా వయసంతా వండిపోశాను అనుకుంటూ, నీ ఎదురుగానే కూచుని తిన్నాను.

ఇవాళ తోట గేటు దగ్గర మార్సియల్ టోపీ తీసి అడుగుతాడు కదా, చేతులెలా ఉన్నాయి ఒదెత్ అని. ఏ చేతులు అన్నాను.

"అదే, మణికట్లు. ఫిర్మాన్ చెప్పేవాడుగా. మొదటి రోజే చెత్తబుట్టలో డబ్బా చూశాడట. పాపం మా ఆవిడ చేతులు పట్టు తప్పాయిరా, దాక ఎత్తలేక డబ్బాకి దిగింది, సిగ్గుపడి దాస్తోంది, నేను తెలియనట్టే ఉండాలి అనేవాడు. ఆ డబ్బా సరుకంటే వాడికి వాంతి. పేకాటకొచ్చి ఓ గుక్క సారా తాగితే గాని కడుపు కుదుటపడేది కాదు. బంగారంలాంటి మనిషి."

బంగారం.

చూడు నా చేతులు. ఏమైంది వీటికి? ఈ కుండీ కాలవ వంతెన దగ్గర్నుంచి నేనే మోసుకొచ్చాను. ఒక్క మాట అడిగి ఉంటే పోయేది కదా. నీలో అంత దయ ఉందని ఇప్పుడు తెలిసి నేనేం చేసుకోను? ఉన్నదాంట్లోంచి ఒక్క చెంచాడు, ఆ ముప్పై ఎనిమిదేళ్లలో ఎందుకు తియ్యలేదు? మంచి మాట అనాలంటే నా చేతులు పడిపోవాలా?

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఎవరూ వినడం లేదు. ఇది డబ్బాదే అని నువ్వు తిట్టి ఉంటే, ఆ వారమే గింజలు నానబోసేదాన్ని. పాడుకుంటూ నానబోసేదాన్ని. తిట్టలేదు. నువ్వు జాలిపడి తిన్నావు, నేను కక్షతో పెట్టాను. మూడేళ్లు.

అక్కడ గేటు దగ్గర మార్సియల్ నా జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు. ఏమన్నానో తెలుసా? మణికట్టు రుద్దుకుంటూ, "ఇప్పుడు కాస్త నయం" అన్నాను.