వెనక బరువు

1993, గల్ఫులో ఒక శుక్రవారం పొద్దున. ఖురియాత్ వెళ్ళే కొండదారిలో, కారుకి తగిలించి లాక్కొస్తున్న కొత్త బోటు ట్రెయిలరుతో సహా రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. కంపెనీ మేనేజరు విశ్వేశ్వరరావు క్రేనుకి ఫోను చెయ్యడానికి వెళ్ళాడు. రాతినీడలో చంటిపాపతో అతని భార్య చంద్రిక, ఎదురుగా డ్రైవరు ఇస్తారి.

“...‘నేనే స్పీడుగ కొట్టిన’ అని రాయున్రి అమ్మా.”

“నిజంగా స్పీడుగా వచ్చామా అన్నయ్యా?”

“రాయున్రి. సారొచ్చే వరకు అయిపోవాలె.”

“రాస్తున్నా. నా రాత నిదానం. ఎనిమిదో క్లాసులోనే మానిపించారు గదా... స్పీడు. కానీ అన్నయ్యా, ముల్లు అరవై దాటలేదు.”

“మీకెట్ల ఎరుక?”

“భయం నాకు. బయల్దేరిన కాణ్ణుంచీ వెనక సీట్లోంచి దాన్నే చూస్తున్నా. అట్టా చూస్తే మీటరుకి దిష్టి తగులుద్దని ఆయన నవ్వారు కూడా.”

“సారు ఎనబై అని రాయమన్నడు. ఎనబై రాయున్రి.”

“ఎనభై.”

“దిగుడు కాడ గేరు మార్చలేదని రాయున్రి.”

“మార్చారుగా. సెకండు గేరుకి దించారు. బండి మూలిగింది, ఆ మోతకి పాప లేచింది.”

“అమ్మా, మీరు పోలీసోని లెక్క అడుగుతున్రు.”

“అది కాదన్నయ్యా. బోటు ఊగింది గదా, గేదె తోకలాగా అటూ ఇటూ. అప్పుడు మీరు బ్రేకు తొక్కలేదు.”

“తొక్కితే బోటు మన బండినే మలిపి లోయల ఏస్తుండె. కాలు ఎత్తిన. స్టీరింగు గట్టిగ పట్టుకున్న. గంతే.”

“అందుకే పాప బతికింది. మరది రాయొద్దా?”

“అదెందుకమ్మా కాగితంల? సారు చెప్పింది రాస్తే సాలు. ఆయన ఇంగ్లీషుల తిప్పి కంపెనీకి ఇస్తడట. తెలుగుల నా ఏలుముద్ర ఉండాలె, రేపు మాట మారిస్తే నడవదన్నడు.”

“ఇది ఇస్తే మిమ్మల్ని ఉంచుతారా?”

“ఎందుకుంచుతరు? వీసా కొట్టేసి పంపిస్తరు.”

“మూడేళ్ళయింది మీరు ఇంటికెళ్ళి.”

“పోతున్న గద ఇగ. ఇంటికాడ నా పెండ్లాం గౌరవ్వకు గూడ ఒక జాబు రాయాలె మీరు. వస్తున్న అని రాయున్రి. ఎందుకొస్తున్ననో రాయకున్రి.”

“అడగదా?”

“అడుగుతది. అడిగినా మంచిదే. ఊరోళ్ళు అడగరు, వాళ్ళే అనుకుంటరు. గల్ఫుకెళ్ళి నడుమల వచ్చిండంటే ఏదో చేసిండనే. తాగి నడిపిండనో, దొంగతనం చేసిండనో.”

“మీరు టీ కూడా రోజుకి ఒక్కసారే తాగుతారు!”

“వాళ్ళకేమెరుక? ఇల్లు స్లాబు దాక వచ్చి ఆగింది. దానికింద కూసొని చెప్పుకుంట నా ముచ్చట... రాయున్రమ్మా, రాయున్రి.”

“ఏడవకే తల్లీ, ఏడవకు. సీసాలో నీళ్ళయిపోయినాయి దీనికి. అన్నయ్యా, బోటు ఎందుకు ఊగింది?”

“గాలి.”

“గాలి లేదు. దిగినప్పుడు పైట కూడా కదల్లేదు.”

“రోడ్డు మంచిగ లేదు.”

“నున్నగా ఉంది.”

“మరి నన్నేం చెప్పమంటరు?”

“నిన్న సాయంత్రం ఖురంలో మా ఇంటి ముందు, పాపని ఎత్తుకుని నేనెక్కి తూచే మిషను అడిగారు గదా. బండికి తగిలించే ట్రెయిలరు ముక్కు దాని మీద ఆనించి చూశారు.”

“చూసిన. నూట ఇరవై ఉండె. మొత్తం పన్నెండు వందల కిలోలు, అండ్ల పదోవంతు ముక్కు మీదుండాలె. అప్పుడే చిన్న బండి అయినా పెద్ద బోటును మంచిగ గుంజుతది. సరిపోయిందని పన్న. పొద్దుగాల మల్లొకపారి తూచాల్సి ఉండె. తూచలే. ఇడ్లీ తినుకుంట కూసున్న. అది నా తప్పే.”

“ముక్కు తేలికైతే?”

“ఎడ్లబండి తీర్గ అమ్మా. నిన్ననే చెప్పిన గద మీకు. వెనుక బరువైతే కాడి లేస్తది. ఎద్దు మెడకు ఉరి పడ్తది. ఇదైతే ఊగుతది.”

“మీరు చెప్పక ముందే నాకు తెలుసు. మా నాన్న బండి తోలేవాడు. వెనక బస్తా వేస్తే చర్నాకోలతో కొట్టేవాడు మమ్మల్ని.”

“మరింకేంది? ‘ఇంకెవరికీ సంబంధం లేదు’ అని రాయున్రి.”

“అన్నయ్యా, మీరు బోటు వెనకాల టార్పాలిన్ ఎత్తి చూశారా?”

“ఏ టార్పాలిన్?”

“నిచ్చెన కాడ ఉంది చూడండి. అది.”

“లే. ఆ... చూసిన. ఏం లెవ్వు అండ్ల. తడి ఉండె.”

“తడెందుకుంది?”

“సముద్రంల తిరిగే బోటు.”

“కొత్త బోటు. అదింకా సముద్రం మొహం చూళ్ళేదు.”





“పాపాయికి ఎండ తగుల్తది. ఇటు జరుగున్రి.”

“పాపకి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి, కిందటిసారి ఖురియాత్ వచ్చినప్పుడు. మూడు రోజులు సెలైను. చేతికి నరం దొరక్క తలకి గుచ్చారు. మీరేగా ఆసుపత్రికి తిప్పారు.”

“తిప్పిన.”

“ఈసారి మన నీళ్ళు తెచ్చుకుందామండీ అన్నా ఆయనతో. నీకు నీళ్ళ పిచ్చి పట్టింది, చదువుకున్న వాళ్ళెవరూ ఇట్టా చెయ్యరు, కాచి చల్లార్చి పట్టు అన్నారు. అక్కడి నీళ్ళు కాచినా ఉప్పు పోదుగా!”

“అమ్మా, వద్దు. చెప్పకున్రి.”

“మీరు ఇడ్లీ తింటున్నప్పుడు...”

“నాకు చెప్పకున్రి అన్న గద!”

“ఖాళీ క్యాన్లు బోటు వెనక భాగంలోకి ఎక్కించా. ఎనిమిది. నిండువి మొయ్యలేనుగా. నిచ్చెనెక్కి కుళాయి పైపుతో నింపా. ఒక్కోటి ఇరవై లీటర్లు. ముందుకి జరుపుదామనుకున్నా, కదల్లేదు. టార్పాలిన్ కప్పేశా. నీళ్ళేగా అనుకున్నా అన్నయ్యా. నీళ్ళకి బరువేంటి అనుకున్నా, బిందెలు మోసినదాన్ని.”

“నేనేం వినలే. మీరేం చెప్పలే.”

“ఇందాక మీరిద్దరూ క్రేను సంగతి మాట్లాడుకుంటుంటే నేను వెళ్ళి చూశా. క్యాన్లు లేవు. దొర్లి లోయలో పడిపోయాయి అనుకున్నా. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా?”

“వద్దమ్మా.”

“అమ్మయ్య అనిపించింది. ఇంక ఎవరికీ తెలీదులే అని. పాపని ఎత్తుకుని మీరు చెప్పిందల్లా రాయడం మొదలుపెట్టా. మీ ఇడ్లీ ప్లేటు ఇంకా మా సింకులోనే ఉంది. సిగ్గు లేదు నాకు.”

“అట్లనకున్రి. సైట్ల సిమెంటు మోసెటోన్ని, సారు లైసెన్సు ఇప్పిచ్చి డ్రైవర్ను చేసిండు. ఆయన మాట నేనెట్ల కాదంట? మీరు చంటిపిల్ల తల్లి. మీరు ఠాణాల నిలబడితే నేను చూడగల్గుతనా?”

“మీరు నిలబడితే గౌరవ్వ వదిన చూడగలదా?”

“ఆమె చూడదు గద. ఊర్ల ఉంటది.”

“వస్తున్నారు ఆయన.”

“కండ్లు తుడుసుకొండ్రి.”

“ఏమండీ, వచ్చారా? క్రేను దొరికిందా?”

“గంటలో వస్తుందట. దాని వెనకే పోలీసులు. కాగితం అయిందా చంద్రికా?”

“ఏమండీ, బోటు వెనకాల నేను—”

“పాప ఎందుకేడుస్తోంది?”

“దాహం. అది కాదండీ, నేను పొద్దున—”

“డిక్కీలో దుప్పటి కింద ఒక క్యాన్ ఉంది. అందులోంచి పట్టు.”

“క్యానా?”

“పాపకి కావాలని ఒకటి ఉంచాను. మిగతా ఏడూ లోయలోకి దొర్లించాం, నువ్వు పాపకి పాలిస్తున్నప్పుడు.”

“ఎవరు దొర్లించారు?”

“ఇస్తారి. ఇంకెవరున్నారిక్కడ? నీ పేరు కాగితాలెక్కితే నా పేరెక్కినట్టే. ఇక ఆ సంగతి ఎత్తకు. ఏంరా ఇస్తారీ, నువ్వేమైనా అన్నావా?”

“నేనేమనలే సార్.”

“ఏదీ, చదువు చంద్రికా. చివర ఏం రాశావు?”

“‘బోటు పడిపోవడానికి తప్పు నాదే. ఇంకెవరికీ సంబంధం లేదు. నా అంతట నేనే ఇది రాసి ఇస్తున్నాను.’”

“బాగుంది. ఒక్క తప్పు లేకుండా రాశావే! పెన్ను విప్పి వాడి బొటనవేలికి సిరా రాయి.”

“వేలిముద్ర అక్కర్లేదండీ. పైన స్పీడు సంగతి కొట్టేశాను, ఇంక కింద పేరొక్కటే మార్చాలి. నాకు సంతకం వచ్చు.”