పటికనీళ్లల్ల కరిగిన స్క్రూ

ఏంది బిడ్డా, కళ్లజోడు స్క్రూ ఇరిగి లోపలనే ఉండిపోయిందా? సూదితోటి పొడవకు, అసలే పొడవకు! ఒకసారి నేను గట్లనే పొడిచి ఆగమైన. కూసో, చెప్త. మన్సూర్ భాయ్ అని ఉండె, భద్రాచలం బస్టాండ్ కాడ గడియారాలు బాగుచేసేటోడు. నువ్వు పుట్టకముందే పోయిండులే. బక్క మనిషి, కంటికి అద్దం పెట్టుకున్నడంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తడు. ఆయన దుకాణంల పది గడియారాలుంటే పది తీర్ల టైమ్ చూపిచ్చేటియి, అడిగితే "నీకు ఏది మంచిగనిపిస్తే అది తీస్కో" అనేటోడు. హాఁ, స్క్రూ సంగతి గదా.

అప్పుడు నేను మలేరియా ల్యాబ్‌ల కొత్తగ చేరిన. పినపాక దిక్కు అడవి పల్లెలెన్నిటికో ఒకటే మైక్రోస్కోప్. వానకాలం, ఇంటికొకరు చలిజ్వరంతోటి పడ్డరు. మా ల్యాబ్‌ల పనిచేసే రూప్లా సైకిల్ మీద ఊరూరు తిరిగి వేలి నెత్తురు గాజుపలకల మీద పట్టుకొస్తే, నేను చూసి ఎవరిది ఏ జ్వరమో చెప్పాలె. ఒకనాడు మైక్రోస్కోప్ అద్దం జారుతున్నదని, దాన్ని పట్టుకునే ఇత్తడి బిళ్లకున్న స్క్రూ బిగిస్తి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంట. టక్! తలకాయ నా చేతిల, మొండెం బిళ్లల. సూదితోటి పొడిస్తే ఇంకింత బిగుసుకున్నది. కొత్తది రావాలంటే వానకాలమే దాటిపోతది. గప్పుడే రూప్లా వచ్చి, "సారూ, వాగవతలి పల్లెల బాలి అనే ఆమె కొడుకు కన్ను తెరుస్తలేడు, వాగు పొంగింది, దవాఖానకు తేలేరు. ఏ జ్వరమో జల్దీ చెప్పు, మందు నేను ఈదైనా తీస్కపోత" అన్నడు. ఏడ్చిన బిడ్డా. నిజం చెప్పనీకి సిగ్గెందుకు.

బిళ్ల రుమాల్ల కట్టుకుని భాయ్ కాడికి ఉరికిన. చూసిండు. "బలం చేసినవా సీతయ్యా?" "చేసిన భాయ్." "అరె, దీనికి బలం కాదు, పటిక కావాలె." ఇల్లు కాలి నేనేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుండె నాకు. గోదారి బురదనీళ్లు తేరనీకి కుండల తిప్పే పటిక ఏంది, స్క్రూ ఏంది! నోటికొచ్చినట్టు అన్న. ఆయన నవ్వి, "షాకేరా, పటిక దంచి తే" అని ఇంట్లున్న పెండ్లానికి కేకేసిండు. గాజుగిన్నెల వేడినీళ్లు, అండ్ల పటిక, అండ్ల బిళ్ల. "ఇది ఇనుమును తింటది, ఇత్తడిని ముట్టది. కూసో." సల్లారినప్పుడల్లా వేడినీళ్లు మార్చుకుంట కూసున్నడు. చూస్తుంటే స్క్రూ చుట్టూ సన్న సన్న బుడగలు. తెల్లారేసరికి అది నల్లటి పొడి, సూది ముట్టిస్తే రాలిపాయె. ఇత్తడికి గీత పడలె. తన డబ్బాల వెతికి ఒక స్క్రూ ఏరుకుని, నాతోటే బస్సెక్కి వచ్చి, రెండు వేళ్లతోటే బిగించిండు. ముందుగల బాలి కొడుకు పలకే చూసిన. ముదురు మలేరియా. రూప్లా మందు పట్టుకుని ఉరికిండు. పిలగాడు బతికిండు బిడ్డా! ఇప్పుడు సారపాక మిల్లుల పని చేస్తడు, నన్ను చూస్తే బండి ఆపి దండం పెడతడు. నాక్కాదురా, మన్సూర్ భాయ్‌కి పెట్టు అంట. ఆయన లేకుంటే నా కొలువు ఏడుండు, నేనేడుందు. ఇయ్యాల్టికీ తలుస్త.

ఆనాడు ఆయన అడిగింది ఒకటే. "నన్ను ఒక్కసారి మైక్రోస్కోప్‌ల చూడనియ్" అన్నడు. చూపిచ్చిన. ఎంతసేపో కన్ను తియ్యలె. "ఈ ఉంగరాల లెక్క ఉన్నయేనా జ్వరం పురుగులు?" "అవ్ భాయ్." "ముందటేడు మా ఫరహాను తీస్కపోయింది గియ్యేనా?" ఆయనకొక బిడ్డ ఉండెనని నాకు గప్పటిదాంక తెల్వదు. ముందటేడు మా ల్యాబే లేకపాయె. "ఇంత సన్నపని చేస్తగద సీతయ్యా నేను, నా కంటికి ఇవి కనపడకపాయె" అన్నడు. లేసి నన్ను కూసోబెట్టి, పలకల డబ్బా నా ముందుకు జరిపి, "కానియ్, ఇంకా ఎంతమంది పిల్లలున్నరో" అన్నడు.

నీ కళ్లజోడు ఇటియ్యి, ఫ్రేమ్ ఇత్తడిదేనా చూసి పటికనీళ్లల్ల ఏస్త.

వాన పడేటట్టున్నది, బట్టలు తియ్యిపో బిడ్డా.