త్యాగం చేయని నర్మద

సభకు నమస్కారం. పనులు మానుకుని, నారాయణగూడ ట్రాఫిక్ దాటుకుని చిక్కడపల్లి దాకా వచ్చారు. నర్మద పోయిందంటే నాకింకా నమ్మకం కుదరడం లేదు. మీకూ దుఃఖం ఉంది, కాదనను.

నేను మనోరమను. మన నాటక సమాజంలో ఏళ్ళ తరబడి గయ్యాళి అత్తను. నర్మదదేమో తల్లి వేషం. ఎప్పుడూ తల్లే. మన రచయితల బీరువాలో ఉన్న వేషాలెన్ని? ఏడ్చే తల్లి, తిట్టే అత్త, తాగే కొడుకు, నీతులు చెప్పే మాస్టారు. కథ ఏదైనా వాటినే దులిపి మాకు తొడుగుతారు. సిగ్గనిపించదా అయ్యా మీకు?

ఇందాకటి నుంచి వింటున్నాను. మాట్లాడిన ప్రతివాళ్ళూ ఆమెను త్యాగమయి అన్నారు. కూతురి కోసం కొవ్వొత్తిలా కరిగిపోయిందన్నారు. ఎవరి గురించి చెబుతున్నారు మీరు? మీరు రాసిన వేషం గురించా, అశోక్‌నగర్‌లో మా పక్కింట్లో బతికిన మనిషి గురించా?

మన వీరరాఘవరావుగారి నాటకం గుర్తుందా? తాగొచ్చిన కొడుకు కాళ్ళ దగ్గర తల్లి కుప్పకూలే సీను. రిహార్సల్లో నర్మద ఒకటే అడిగింది: "సార్, ఈ తల్లి పొద్దుగాల ఏమన్న తిన్నదా?" ఆయన నవ్వి, తల్లి పెడుతుందమ్మా, తినదు అన్నారు. పెద్ద రచయిత కదా, అంతకంటే ఏమంటారు! పోటీల రోజు కొడుకు వచ్చి ఏడుస్తుంటే, నర్మద కంచం ముందేసుకుని పప్పన్నం కలుపుకుని తిన్నది. ముద్ద తర్వాత ముద్ద. తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు చూసింది వాడి మొహం. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. మరి న్యాయనిర్ణేతలేం చేశారు? ఉత్తమ హాస్యనటి బహుమతి ఇచ్చారు. తల్లి స్టేజీ మీద అన్నం తింటే, పాపం, ఆ మేధావులకది కామెడీ. నర్మద ఆ షీల్డును ఇంట్లో బియ్యం డబ్బా మీద మూతగా పెట్టింది. "బొద్దింకలు వస్తలేవు, మంచిగ పనికొచ్చింది" అన్నది.

ఇక కూతురి కోసం త్యాగమా? నవత పెళ్ళి నాడు సాయంత్రం షో ఉంది. అప్పగింతలకు ముందే నర్మద మండపం దిగి ఆటో ఎక్కింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "షో ఒప్పుకున్న, పోవాలె" అన్నది, అంతే. తప్పు కాదా? తప్పే. నవత తల్లితో మాట మానేసింది. అప్పుడు నర్మద కుప్పకూలిందా? లేదు. ప్రతి ఆదివారం ముషీరాబాద్‌లో కూతురింటికి వెళ్ళేది. క్షమించమని అడగలేదు. "జర చాయ్ పొయ్యి బిడ్డ" అని అడిగేది. నవత పోసేది కాదు. కాసేపు కూర్చుని వచ్చేసేది. మళ్ళీ ఆదివారం వెళ్ళేది. ఏడాది దాటాక చాయ్ వచ్చింది. అది కూడా నవత మాట్లాడకుండానే ఇచ్చింది. ఇట్లాంటి తల్లిని మీలో ఒక్కరైనా రాశారా? అసలు రాయగలరా?

ఇప్పుడు కార్యదర్శి ఉమాకాంత్‌గారు తీర్మానం చదువుతారట. 'త్యాగమయి నర్మద స్మారక బహుమతి', ఏటా ఉత్తమ తల్లి పాత్రకు! ముందు వరసలో నవత కూర్చుని ఉంది, చూడండి. పొద్దున్నుంచి ఆ పిల్ల కంట నీళ్ళు రాలేదని మీరు గుసగుసలాడుకుంటున్నారు, విన్నాను. ఎందుకొస్తాయి? మీరు పొగిడే ఆ తల్లెవరో ఆమెకు తెలియదు. కొట్లాడిన తల్లి, పెళ్ళిలో వదిలేసి పోయిన తల్లి, చాయ్ అడిగిన తల్లి ఆమెకు తెలుసు. ఆ తల్లిని ఆమెకు మిగలనివ్వండి. తీర్మానంలో 'త్యాగమయి' అన్న మాట కొట్టేయండి. కొట్టేయకపోతే మీ అత్త వేషానికి రేపటి నుంచి ఇంకొకరిని వెతుక్కోండి.

ఇక అందరూ లేవండి. రెండు నిమిషాలు ఎవ్వరూ ఏ డైలాగూ చెప్పకుండా నిలబడదాం. వీరరాఘవరావుగారూ, ఆ రుమాలు జేబులో పెట్టండి. నవతా, నువ్వూ లే బిడ్డా. ఏడుపు రాకపోతే రాకపోనీ. అమ్మ మీద ఇంకా కోపముంటే, ఆ కోపంతోనే నిలబడు.