మెట్ల మీద గిన్నెలు

మధ్యాహ్నం మూడు. వాన అప్పుడే వెలిసింది.

మా బిల్డింగులో రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్లు రెండు గంటలకి కూలిపోయాయి. కిందివాళ్ళు దిగిపోయారు. పైవాళ్ళు పైనే చిక్కుకుపోయారు. ఇరవై ముగ్గురు. అందులో మా అత్త, మా అమ్మాయి.

నేను బొత్తాలు కుట్టే కార్ఖానా నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోయి ఉంది. లోపలికి పట్టలేదు. చిన్న బండి ఇంకోటి వస్తోందన్నారు. ఎప్పుడని అడిగితే ఎవరూ చెప్పలేదు. గోడలో బీటలు పెరుగుతున్నాయని అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఏడవలేదు. అది ఏడవకపోతేనే నాకు భయం.

అందరం ఎదురు టీకొట్టు దగ్గర నిలబడ్డాం. మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. మా బిల్డింగుని ఇన్ని గదులుగా కోసింది ఆయనే. ఇదంతా నీ పనితనమే కదా అన్నాడు రెండో అంతస్తు టైలరు. మేస్త్రీకి రోషం వచ్చింది. గ్లాసు కింద పెట్టాడు.

"నా పనికి వంక పెడతావా? ఈ బిల్డింగు నా చేతికొచ్చేనాటికి అంతస్తుకి నాలుగే గదులు, గదికో సంసారం, ఊరంతా జనం నిలబడ్డానికి చోటు లేక చస్తుంటే వీళ్ళు మాత్రం కాళ్ళు బారజాపుకుని నిద్రపోయేవాళ్ళు, అది చూసి నాకు ఒళ్ళు మండి ఒక గదిలో చిన్న అటక వేశాను, అంతే, ఇద్దరు తమ్ముళ్ళు పడుకునేంత అటక. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తమ్ముళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి" అన్నాడు టీకొట్టాయన.

"అయ్యాయి. అప్పుడు అటక మధ్యలో గోడ లేపాను, గోడంటే అట్టముక్కంత, ఇటువాళ్ళు మేకు కొడితే అటువాళ్ళు దానికే క్యాలెండరు తగిలించుకునేవాళ్ళు, ఒక ఫ్యాను తిరిగితే రెండిళ్ళకి గాలి, ఒకాయన తుమ్మితే నాలుగిళ్ళవాళ్ళు చిరంజీవ అనేవాళ్ళు."

మేకు సంగతి నిజమే. మా మేకుకి పక్కింటివాళ్ళ గడియారం వేలాడుతోంది.

తర్వాత ఒక్కో అంతస్తుని రెండేసి అడుగులు సందులోకి తోశానన్నాడు. ఎదురు బిల్డింగు మేస్త్రీ కూడా తగ్గలేదట. నాలుగో అంతస్తులో ఇక్కడ ఉప్పు అయిపోతే అక్కడావిడ పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే చెయ్యి చాపి కూరలో వేసేదట. ఎండ ఈ సందులోకి రావాలంటే పక్కకి తిరిగి రావాలట.

"అందుకే ఫైరింజను రాలేదు" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు.

"అక్కడితో ఆగానా? రెండు అంతస్తుల మధ్య నడుమెత్తు సందు దొరికింది, వదులుతానా, అర అంతస్తు కట్టాను, అద్దెకొచ్చినవాణ్ణి గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి గది ఇచ్చేవాణ్ణి, పొడుగ్గా ఉన్నవాడు కూడా నాలుగు నెలలుంటే గదికి సరిపోయేవాడు. అంతస్తులు లెక్కపెట్టడానికి ఆఫీసువాళ్ళొచ్చారు, పైకెక్కుతూ ఐదు అని రాసుకున్నారు, వాళ్ళు కిందికి దిగేలోపు ఆరోది కట్టేశాను, మళ్ళీ ఎక్కారు, ఏడోది లేపాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళలో ఒకాయన విసిగిపోయి ఆ ఏడో దాంట్లోనే అద్దెకి దిగాడు."

"బిల్డింగుకి నాలుగే ఉన్నాయి కదండీ" అన్నాడు టైలరు.

"బరువుకి లోపలికి దిగాయి. నాలుగు పైకి కనపడుతున్నాయి, మిగతావి నేలలో ఉన్నాయి, వాటికీ అద్దె వస్తోంది. ఓసారి బిల్డింగు ఎడమకి వాలింది, నేను సందులో నిలబడి మంచాలన్నీ కుడివైపుకి జరపండి అని ఒక్క కేక వేశాను, లేచి నిటారుగా నిలబడింది. అలాంటిది, ఇవాళ నాలుగు మెట్లు రాలితే నన్నంటారా? మెట్ల గురించి నాకు చెప్తారా? అసలు ఈ బిల్డింగుకి రెండు మెట్లదారులుండేవి, ముందొకటి, వెనకొకటి. ఒకే మనిషి రెండు దారుల్లో ఎలా దిగుతాడని వెనకదాన్ని మూసి అంతస్తుకో గది లాగాను. మెట్లు పగలగొడితే కూలి దండగని వాటిని అలాగే ఉంచి గోడ అడ్డం పెట్టాను. ఇదేంటి, గదిలో మెట్లున్నాయి అంటే అల్మరా అన్నాను. నమ్మారు. గిన్నెలు పెట్టుకున్నారు."

నవ్వాడు.

మూడో అంతస్తులో మా గదిలో ఓ మూల మూడు మెట్లున్నాయి. కిందికి దిగి గోడలో కలిసిపోతాయి. ఆరేళ్ళుగా వాటి మీద గిన్నెలు పెడుతున్నాను.

టైలరు నా వైపు చూశాడు. "అక్కా, మా గదిలో మెట్లు పైకెళ్ళి గోడలో కలుస్తాయి. దారం ఉండలు పెట్టుకున్నాను."

మా గది కింద ఆయన గది.

టైలరు తన వైపు గోడ కొట్టడానికి తాళాలు తీసుకుని ఒక ఫైరాయన్ని వెంటబెట్టుకుని ముందు మెట్ల మీద పరిగెత్తాడు. రెండో అంతస్తు దాకా అవి బాగానే ఉన్నాయి. నేను అమ్మాయికి ఫోన్ చేశాను.

"గిన్నెలు తీసెయ్. మెట్లు గోడలో కలిసేచోట కొట్టండి."

"దేంతో కొట్టాలమ్మా?"

"నాయనమ్మ ఇస్త్రీ పెట్టెతో."

మా అత్త బట్టలు ఇస్త్రీ చేస్తుంది. బొగ్గుల పెట్టె, ఇనపది.

"అది పగలదమ్మా" అన్నాడు మేస్త్రీ. ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "నేను కట్టిన గోడ. ఏనుగుల మంద వచ్చి వారం రోజులు గుద్దినా తొండాలు వాచిపోతాయి తప్ప ఇటుక కదలదు."

ఫోను అందరికీ వినపడేలా పట్టుకున్నాను. ఒక దెబ్బ. రెండు. మూడు. నాలుగో దెబ్బకి ఏదో జారి దొర్లిన చప్పుడు. తర్వాత మా అత్త దగ్గు.

"గోడ పడిందమ్మా. కింద మెట్లున్నాయి" అంది అమ్మాయి. అప్పుడు ఏడ్చింది.

టీకొట్టాయన మేస్త్రీని చూస్తూ నన్నడిగాడు. "మీ అత్త ఎంత బరువుంటుందక్కా?"

"నలభై కేజీలు" అన్నాను.

నేను మేస్త్రీ వైపు తిరిగాను. "ఆరేళ్ళు. అది దారి అని ఒక్క మాట చెప్పి ఉంటే గంట క్రితమే దిగేవాళ్ళు. ఒక్క మాట."

మేస్త్రీ ఒక గుటక టీ తాగాడు. గొంతు సవరించుకున్నాడు.

"అదేనమ్మా నేను చెప్పేది. ఎప్పుడో ఒకప్పుడు అవసరమొస్తుందని ముందుచూపుతోనే కదా ఆ మెట్లు పగలగొట్టకుండా దాచిపెట్టాను, ఇంకొకడైతే పీకేసేవాడు, ఇవాళ ఇంతమంది ప్రాణాలు కాపాడింది ఎవరంటే..."

బిల్డింగు గుమ్మంలోంచి మనుషులు రావడం మొదలైంది. దుమ్ము కొట్టుకుపోయి ఒకేలా ఉన్నారు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పక్కింటి ఆవిడ, ఆవిడ చంకలో పాప. నాలుగో అంతస్తు ముసలాయన్ని టైలరు ఎత్తుకొచ్చాడు. పదకొండు. పదహారు. మా అమ్మాయి ఇరవై. చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

గుమ్మం ఖాళీ.

మేస్త్రీ ఇంకా ముందుచూపు గురించే చెబుతున్నాడు. నాకు మాటలు వినపడుతున్నాయి గానీ అర్థం కావడం లేదు. నాయనమ్మ అందరినీ ముందు పొమ్మంది అంటోంది అమ్మాయి.

అప్పుడు వచ్చింది మా అత్త. జుట్టు నిండా సున్నం. చేతిలో ఇస్త్రీ పెట్టె. దాన్ని టీకొట్టు బల్ల మీద మేస్త్రీ గ్లాసు పక్కన పెట్టింది. రెండో చెయ్యి చాపి పిడికిలి విప్పింది. పొడి ఇసక బల్ల మీద జారింది.

"నీ గోడలోది నాయనా" అంది. "సిమెంటు వెయ్యకపోవడం కూడా ముందుచూపేనా?"

మేస్త్రీ ఇసక తగలకుండా గ్లాసు పక్కకి జరుపుకున్నాడు.

ఇరవై మూడు.