తుడిచిన ఆకులు

ఈ సభకు పెద్దరికం వహించిన మన తోటల సంఘం అధ్యక్షులు డీట్మార్ ఓవర్‌క్యాంప్ గారికి, నగరం తరఫున పూలగుత్తి తెచ్చి అది ఎప్పుడివ్వాలో తెలియక ఇంకా ఒళ్ళోనే పెట్టుకు కూర్చున్న ఆరోగ్యశాఖ అధికారి గారికి, గాలి పరీక్షల ఆఫీసులో ఇన్నేళ్ళూ నన్ను భరించిన నా వాళ్ళకి, ముందు వరసలో ఉన్న పెద్దావిడ ఎల్‌ఫ్రీడా ఫోస్‌బెక్ గారికి, వెనక తలుపు దగ్గర నిలబడి నా మాటలకంటే వంటగది వాసన మీదే మనసు పెట్టిన మిత్రులందరికీ, రోస్వితా షిమానియాక్ నమస్కారాలు.

నిజానికి నా పదవీ విరమణ సభ మా ఆఫీసులో జరగాలి. డీట్మార్ గారు ఫోన్ చేసి, "అక్కడ కేకు ముక్క చేతిలో పెట్టి పంపేస్తారు, మా దగ్గరికి రా. కేల్ ఆకుకూరా, సాసేజీలూ, ఆవముద్దా కడుపునిండా పెడతాం" అన్నారు. సరేనన్నాను. ఎందుకంటే ఈ గదిలో నేను మొదటిసారి మాట్లాడినప్పుడు నాకెవరూ పూలగుత్తి ఇవ్వలేదు. ఒకాయన ఉడికిన బంగాళాదుంప విసిరారు. ఆయన పేరు చెప్పను. ఇవాళ అధ్యక్షస్థానంలో ఉన్నారు కాబట్టి బాగుండదు. (నవ్వులు)

ఆ రోజు ఆయన కోపం అర్థం కానిది కాదు. మొదటి మంచు పడి కేల్ ఆకుకి తీపి ఎక్కగానే, ఈ తోటల కాలనీ వాళ్ళంతా తమ మళ్ళలో పెంచిన కూరే వండుకుని ఈ బల్లల చుట్టూ కూర్చుని తినడం, ఎక్కువ తిన్నవాడి తలకి అట్ట కిరీటం పెట్టి కేల్ రాజని ఊరేగించడం తాతల నాటి నుంచీ ఉంది. అలాంటి చోటికి నేనెవరో వచ్చి, రేవు పక్క లోహాల కర్మాగారం నుంచి లేచే సన్నటి ధూళిలో సీసం ఉంది, నికెల్ ఉంది, అది మీ ఆకుల మీద వాలుతోంది, తినకండి అంటే, బంగాళాదుంపతో సరిపెట్టినందుకు సంతోషించాలి.

నా పని మీ అందరికీ తెలిసిందే. వేసవి చివర్లో, బయట నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టితో ఒక పెట్టె, అందులో ఒక కేల్ మొక్క, కర్మాగారం మీదుగా గాలి వీచే మళ్ళలో పెట్టి వెళ్ళేదాన్ని. మట్టి మనది కాదు గనక ఆకులో దొరికేదంతా పైనుంచి పడిందే. చలి ముదిరాక ఆకులు కోసి లాబుకి పంపేదాన్ని. నేను చెప్పేది ఒకటే, దాన్ని ముట్టుకోకండి, నీళ్ళు కూడా అడుగున ఉన్న తొట్టిలోంచి అదే పీల్చుకుంటుంది అని. "మా మొక్కలకి లేని రాజభోగం దీనికేమిటమ్మా?" అని అడిగేవారు. అయినా ఒక్కరూ కాదనలేదు. దాన్ని అతిథి మొక్క అని పిలిచేవారు. (ఆగి) ఆ పేరే కొంప ముంచింది.

ఈ కాలనీ సంగతి పైవాళ్ళకి చెప్పినా నమ్మరు. కంచె మొక్క నడుము ఎత్తు దాటితే సంఘం నుంచి చీటీ వస్తుంది. కమిటీ తనిఖీకి వచ్చే రోజు ఉదయం మనుషులు గడ్డిని దువ్వెనతో దువ్వడం నా కళ్ళతో చూశాను. అవునా కాదా? (నవ్వులు, "అవునవును" అన్న కేకలు) అలాంటి చోట ఎల్‌ఫ్రీడా గారి మడి అద్దంలా ఉండేది. ఆవిడ మడిలో పెట్టిన నా మొక్కలో లోహాలు దాదాపు లేనే లేవు. చుట్టుపక్కల అన్ని మళ్ళలోనూ ఉన్నాయి. ఒక ఏడు కాదు, వరసగా మూడేళ్ళు. మేం ఆఫీసులో తలలు పట్టుకున్నాం, గాలి సుడులు తిరుగుతోందేమో అనుకున్నాం. కర్మాగారం వాళ్ళు మాత్రం విచారణలో ఆ ఒక్క అంకె పట్టుకుని, "చూశారా, ధూళి మాదైతే ఆవిడొక్కరినే వదిలిపెడుతుందా?" అన్నారు. ఇక్కడి వాళ్ళు కూడా, పోనీలే ఒక్క మడైనా బాగుంది కదా అని, ఆ మూడు చలికాలాలూ విందుకి కూర ఎల్‌ఫ్రీడా గారి మడిలోంచే కోశారు. పిల్లలు మారు వడ్డించుకుని తిన్నారు.

తర్వాతి ఏడు, తనిఖీకి ముందురోజు సాయంత్రం, నేను అటుగా వెళ్తూ చూద్దును గదా, ఆవిడ ముక్కాలి పీట వేసుకుని, పక్కన గోరువెచ్చని నీళ్ళ గిన్నె పెట్టుకుని, నా మొక్క ఆకుల్ని మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తున్నారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"ముట్టుకోవద్దన్నావని పీకలేదు, నీళ్ళు పొయ్యలేదు. మసి పట్టి ఉంటే కమిటీ వాళ్ళ ముందు నా పరువేం కావాలి? వారానికోసారి తుడుస్తున్నానంతే."

"మీ మొక్కల్ని కూడా తుడుస్తారా?"

"అన్నిటికీ నడుమెక్కడ సహకరిస్తుంది అమ్మాయ్? వచ్చిన అతిథికి చెయ్యాలి గానీ."

ఆవిడ సొంత మడిలోని ఆకులు కోసుకెళ్ళి పరీక్షిస్తే, పక్క మళ్ళలో ఎంతో వాటిలోనూ అంతే. ఆ కబురు చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆవిడ వింటూ గుడ్డ మడత పెడుతూనే ఉన్నారు, విప్పుతున్నారు, మళ్ళీ మడత పెడుతున్నారు.

పిల్లల్ని రక్తపరీక్షకి ఈ గదిలోనే వరసలో నిలబెట్టిన రోజు నేను మరిచిపోలేను. డీట్మార్ గారూ, మీ ఆడపిల్లలిద్దరూ ఆ వరసలో ఉన్నారు. మీరు నా వైపు చూడలేదు, ఆవిడ వైపూ చూడలేదు. రక్తంలో సీసం తేలిన పిల్లలు కోలుకున్నారు, అది మన అదృష్టం. కానీ ఎల్‌ఫ్రీడా గారు ఆ మర్నాడు తన మడినంతా తనే తవ్వి పోశారు. తర్వాతి విచారణలో, ఎవరూ పిలవకుండానే లేచి, "ఆ మంచి అంకె గాలిది కాదయ్యా, నా గుడ్డది. దాని చాటున దాక్కోకండి" అన్నారు. కర్మాగారం వకీలుగారు కాగితాలు సర్దుకున్నారు. కర్మాగారం ఆవరణలో ధూళి లేచే ఖనిజం గుట్టల మీద కప్పు వచ్చింది ఆ తర్వాతే. నాకు ఎవరెన్ని సన్మానాలు చేసినా, ఆ పని ఆవిడది.

ఇక అసలు సంగతి. వంటగదిలో ఇవాళ రెండు కుండలున్నాయి. ఒకటి ఏటా లాగే పక్క జిల్లా రైతు దగ్గర కొన్న కూర. రెండోది ఈ ఏడు మళ్ళీ నాటిన ఎల్‌ఫ్రీడా గారి మడిలోది. డీట్మార్ గారు నిన్న నా చెయ్యి పట్టుకుని, "అంకెలు సగానికి పడ్డాయని నువ్వే అన్నావు. ఆవిడకి తొంభై దాటాయి. పోతూ పోతూ తినొచ్చని ఒక్క మాట చెప్పి పో రోస్వితా, అందరం కలిసి మన కూర తిందాం" అన్నారు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. చెప్పాలనే ఉంది. మీ ఉప్పు తిన్నదాన్ని, మీ అందరి ముఖాలూ చూస్తూ కాదనడం నాకు కష్టంగా ఉంది.

ఇందాక కోటు తగిలిస్తుంటే ఎల్‌ఫ్రీడా గారు నన్ను దగ్గరికి పిలిచి, "వాళ్ళు నా మీద ప్రేమతో అడిగారు. నువ్వు నా మీద జాలిపడి ఒప్పుకునేలా ఉన్నావు. వద్దు అమ్మాయ్. నేను తుడిచింది చాలు, నువ్వు కూడా తుడవకు" అన్నారు.

అందుకని చెబుతున్నాను. సగానికి పడ్డాయి, నిజం. తినదగినంతగా ఇంకా పడలేదు, అదీ నిజం. రెండో కుండ పారబొయ్యండి.

ఆవిడ పక్క మడి ఖాళీగా ఉందని నాకు కానుకగా ఇచ్చారు, తీసుకుంటున్నాను. అక్కడ కేల్ వేస్తాను, తినను. నా తర్వాత వచ్చే హెన్రికే అతిథి మొక్కని అక్కడే పెడుతుంది. నేను ముట్టను, ఎల్‌ఫ్రీడా గారూ నేనూ పీటలు వేసుకుని పక్కన కూర్చుంటాం. తినొచ్చని ఆ అమ్మాయి చెప్పిన రోజున, మేమిద్దరం ఉన్నా లేకపోయినా, మొదటి గరిటె ఎల్‌ఫ్రీడా గారి పేర వడ్డించండి. ఓపిగ్గా విన్నందుకు, అప్పుడు బంగాళాదుంపతోనే ఆగినందుకు, మీకందరికీ నా కృతజ్ఞతలు. కొన్న కూర చల్లారిపోతోంది, భోజనానికి లేవండి. సెలవు.